అడగకుండా పెట్టిన టిక్కు

బుధవారం పొద్దున తొమ్మిదయ్యేసరికి నాకు కుర్చీలో కుదురు ఉండదు. తాడేపల్లిగూడెంలో మా చిన్న క్లినిక్కు ముందు బల్లల మీద అప్పటికే ఏడెనిమిదిమంది కూర్చుని ఉంటారు. మా సిస్టర్ ఒక్కొక్కరికీ బీపీ చూస్తూ ఉంటుంది. నేను మాత్రం వెనక గదిలోకి వెళ్లి, తలుపు దగ్గరగా వేసి, ఒక నంబరుకి ఫోను చేస్తాను. అవతల మోగుతున్నంతసేపూ ఆ నాలుగడుగుల గదిలో అటూ ఇటూ తిరుగుతాను. ఎత్తితే కూర్చుంటాను.

ఈ అలవాటు ఎక్కడినుంచి వచ్చిందో చెప్పాలంటే నేను చేసిన తప్పు చెప్పాలి.

నేను ఏలూరులో, పౌరోహిత్యం చేసే ఇంట్లో పుట్టాను. మా ఇంట్లో చెడ్డమాటంటే బూతు కాదు, అశుభం. బియ్యం అయిపోయాయని అనకూడదు, నిండుకున్నాయనాలి. దీపం ఆరిపోయిందనకూడదు, కొండెక్కిందనాలి. ఒకసారి కాలేజీకి పోతూ తొందరలో "వెళ్తానమ్మా" అన్నాను. అమ్మ గుమ్మం దగ్గరే ఆపి, లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, "వెళ్లొస్తాను" అనిపించాకే పంపింది. బస్సు పోయింది. పైన తథాస్తు దేవతలు తిరుగుతూ ఉంటారని, మనం ఏమంటే దానికి సరేనంటారని మా నమ్మకం. ఊళ్లో సగం ఇళ్లకి నాన్నగారే ముహూర్తాలు పెట్టేవారు. ఆయన నోట చావు అన్న మాట నేను వినలేదు. నేను డాక్టరునయ్యాను, ఎందరో పోవడం కళ్లారా చూశాను, అయినా ఆ మాట నా నాలుక మీదికి రాలేదు. బంధువులతో "ఇంక మన చేతిలో లేదండీ" అని తలవంచుకునేవాణ్ణి. వాళ్లే అర్థం చేసుకునేవారు. దాన్ని నేను సున్నితత్వం అనుకున్నాను.

కొన్నేళ్ల కిందట ఏలూరులో మాలాంటి మామూలు డాక్టర్లకి రెండు రోజులు శిక్షణ పెట్టారు. చెప్పింది ఒక ఆసుపత్రిలో మానసిక వైద్యం చూసే మేడమ్, నాకంటే చిన్నావిడ. ఆత్మహత్య ఆలోచన ఉన్నవాళ్లలో చాలామంది ముందు మా దగ్గరికే వస్తారని, నిద్ర పట్టట్లేదనో కడుపు మంట అనో వస్తారని, మేం పట్టించుకోకుండా మందు రాసి పంపేస్తామని ఆవిడ చెప్పింది. "తలనొప్పుందా అని ఎంత మామూలుగా అడుగుతారో ఇదీ అంత మామూలుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఉన్నది బయటికొస్తుంది" అంది.

తర్వాత ఇద్దరిద్దర్ని జత చేసి అడగడం ప్రాక్టీసు చేయించింది. నా జత ఒక పిల్లల డాక్టరు. ఆయనకేసి తిరిగి, "ఈ మధ్య కొంచెం నిరాశగా ఏమన్నా ఉంటోందాండీ?" అన్నాను.

మేడమ్ వెనకే నిలబడి ఉంది. "నిరాశ సంగతి కాదండీ నేనడగమన్నది. చచ్చిపోవాలని అనిపిస్తోందా అని అడగాలి. ఏవండీ, నోరు తిరగట్లేదా?"

హాలంతా నవ్వారు. నేనూ నవ్వాను. భోజనాలు బాగున్నాయి. ఒక కాగితం నమూనా ఇచ్చారు, తెలుగులోనే. పైన ఆ ప్రశ్న, దాని ఎదురుగా రెండు గళ్లు, ఉంది, లేదు. ఉందంటే వెనక్కి తిప్పి, ఆ మనిషితో కలిసి కూర్చుని రాయాలి. ఆ ఆలోచన వచ్చే ముందు ఏం కనిపిస్తుంది, అప్పుడు ఏ పని చేస్తే మనసు మళ్లుతుంది, ఎవరి దగ్గరికి వెళ్లాలి, ఎవరికి ఫోను చేయాలి, ఇంట్లోంచి ఏవేం తీసేయాలి. తర్వాత కొన్నాళ్లు మనమే ఫోను చేసి కనుక్కుంటూ ఉండాలి. పావుగంట, మహా అయితే అరగంట పని. నేను తిరిగొచ్చి ఆ కాగితాలు ఒక కట్ట అచ్చు వేయించాను. ఫైలుకో కాగితం పెట్టమని సిస్టర్‌కి చెప్పాను. మంచి డాక్టరుననిపించింది.

ఆ కాగితాలు నేను ఎలా నింపానో ఇప్పుడు చెబుతాను. మనిషి మొహం చూసేవాణ్ణి. మనవళ్లున్నాయన, ఈయనకేం అనుకునేవాణ్ణి. బొట్టు పెట్టుకుని శుభ్రంగా వచ్చింది, ఈవిడకేం అనుకునేవాణ్ణి. పక్కన అత్తగారో బావగారో కూర్చుని ఉండేవారు. పెద్దవాళ్లని బయటికి వెళ్లమనడం మర్యాద కాదు. పొద్దున్నే, శుక్రవారం పూట, ఆ మాట ఎలా అడగడం? లేదు దగ్గర టిక్కు పెట్టి కాగితం పక్కకి జరిపేవాణ్ణి. సిస్టర్ ఒకటి రెండుసార్లు నాకేసి చూసింది. నేను చూడనట్టు ఉండిపోయాను.

గణపవరం దాటాక కొల్లేటి అంచున ఒక ఊరినుంచి ఒక రైతు వచ్చేవారు. యాభై దాటిన మనిషి. సుగరు ముదిరి కుడికాలి వేళ్లు రెండు తీసేశారు. పుండు మానాక మిగతా వైద్యం నా దగ్గర. మొదటి రోజే గట్టిగా చెప్పాను. "ఇక మీరు బురదలో కాలు పెట్టకూడదండీ."

"ఎన్నాళ్లండీ?"

"ఎప్పటికీ."

"ఆయ్," అన్నారాయన.

సార్వా, దాళ్వా రెండు పంటలూ మోకాలి లోతు బురదలో పండించిన మనిషికి ఆ మాట ఎలా వినిపించిందో నేను ఆలోచించలేదు. కాలికి మంచి సలహా ఇచ్చాను, అంతే. ఆ తర్వాత పుండు బాగానే ఉన్నా రెండు నెలల్లో మూడుసార్లు వచ్చారు. ఒకసారి నిద్ర పట్టడం లేదన్నారు. ఒకసారి నోటికి రుచి లేదన్నారు. మూడోసారి భార్య కూడా వచ్చింది, కడుపులో ఏదోలా ఉందని ఆవిడే చెప్పింది. సిస్టర్ ఫైలు తెరిచి నా ముందు పెట్టింది. పైన ఆ కాగితం.

"ఇంకెన్నాళ్లండీ డాక్టరు గారూ, ఈ మందులు?" అని ఆయన అడిగారు.

"నిండు నూరేళ్లూ వాడండి," అన్నాను, నవ్వుతూ.

ఆవిడ పమిట నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. "విన్నారా? నూరేళ్లంట. ఇంట్లో నేను చెబితే వినరు." ఆయన నవ్వలేదు. నా చేతిలో పెన్ను వైపు చూస్తున్నారు. లేదు దగ్గర టిక్కు పెట్టాను.

పన్నెండు రోజుల తర్వాత మధ్యాహ్నం ఆవిడ ఫోను చేసింది. "చేయకూడని పని చేసుకోబోయారండి. మా తమ్ముడు చూశాడు. ఏలూరు తీసుకొచ్చాం. ప్రాణం దక్కిందండి."

ఫోను పెట్టేసి నేను చేసిన మొదటి పని ఆయన ఫైలు తెప్పించడం. ఆయన సుగరు చూడలేదు, మందులు చూడలేదు. ఆ టిక్కు చూశాను. అక్కడే ఉంది. హమ్మయ్య అనుకున్నాను. రాయడానికి సిగ్గుగా ఉంది గాని, అనుకున్నాను. ఎవరూ అడక్కముందే ఆ కాగితం ఫొటో తీసి, ఆసుపత్రిలో ఆయన్ని చూస్తున్నది మాకు శిక్షణ ఇచ్చిన ఆ మేడమే అని తెలిసి, ఆవిడకి వాట్సాప్‌లో పంపాను.

సిస్టర్ పక్కనే ఉంది. "మీరు అడగలేదు కదండీ," అంది.

"అడిగినట్టేలే."

"నేను గదిలోనే ఉన్నానండీ ఆవేళ."

ఫైలు తీసుకుని వెళ్లిపోయింది.

రెండో రోజు పొద్దున మేడమ్ ఫోను చేసింది. "మీ కాగితం చూశానండీ. థాంక్స్. మీరు సూటిగా అడిగారు, ఆయన లేదన్నారు. అంతేనాండీ?"

"ఊఁ," అన్నాను.

"అయితే కష్టమేనండీ. నాతో కూడా లేదంటున్నారు. ఎదురుగా అడిగినా దాచే మనిషన్నమాట. ఆయన ఏం చెప్పినా లెక్కలోకి తీసుకోలేను. వాళ్లావిడకి కూడా అదే చెబుతాను, ఆయన బాగానే ఉన్నానన్నా నమ్మొద్దని. ఎల్లుండి ఇంటికి పంపాలనుకున్నాం, ఏం చేయాలో చూస్తాను."

మళ్లీ "ఊఁ" అన్నాను.

ఆ పొద్దున ఒకావిడకి బీపీ మాత్ర రెండుపూటలా రాశాను, ఒకపూటే రాయాలి. సిస్టర్ చీటీ వెనక్కి తెచ్చి నా ముందు పెట్టి వెళ్లింది. ఒక్క విషయమే బుర్రలో తిరుగుతోంది. ఆయన నాతో అబద్ధం చెప్పలేదు. నేనే ఆయన పేరు మీద అబద్ధం చెప్పాను. ఇప్పుడు దాన్ని పట్టుకుని ఒక మంచి డాక్టరు ఆయన్ని దాచే మనిషిగా లెక్కేస్తోంది, సొంత భార్యకి ఆయన మాట నమ్మొద్దని చెప్పబోతోంది. ఆయన రేపు నోరు తెరిచి నిజం చెబుదామన్నా వినేవాళ్లు ఉండరు. అలాంటి ఇంటికి ఆయన తిరిగి వెళ్తే ఏమవుతుంది? నేను కాపాడుకుంటున్నది ఒక టిక్కుని.

మధ్యాహ్నం ప్యాసింజరు ఎక్కాను. సీటు దొరికినా కూర్చోలేకపోయాను. ఉంగుటూరు, కైకరం, పూళ్ల, ప్రతి స్టేషనులోనూ ఒక కొత్త సాకు తయారుచేసుకున్నాను. రోగులు ఎక్కువగా ఉన్నారని. భార్య పక్కనుందని. అడిగానేమో, గుర్తులేదని. భీమడోలు వచ్చేసరికి మూడోది బాగుందనిపించింది. ఏలూరుకి ముందు స్టేషను పవర్‌పేటలో దిగితే నేను పుట్టిన ఇల్లు నడిచేంత దూరం. దిగాను. ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. రైలు కదులుతుండగా మళ్లీ ఎక్కాను.

మేడమ్ గదిలో టీ తాగుతోంది. కూర్చోమంది. కూర్చోలేదు.

"ఆ టిక్కు అబద్ధమండీ. నేనాయన్ని అడగలేదు."

ఆవిడ గ్లాసు కింద పెట్టింది. "ఎందుకడగలేదు?"

"నోరు రాలేదు."

"ఆయన ఒక్కరినేనా?"

"దాదాపు ఎవరినీ అడగలేదండీ."

ఆవిడ లేచింది. "మిమ్మల్ని తిట్టడం తర్వాత. అది ఎటూ ఉంది. ముందు రండి, వచ్చి అడగండి."

"నేనా? మీరడిగారు కదండీ."

"నేను కొత్తదాన్ని. పైగా వాళ్లావిడ మంచం వదలదు, నేను బయటికి పంపబోతే ఆయనే వద్దన్నారు. మీరు అడగని ప్రశ్న, మీరే అడగండి."

వార్డులో ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. మంచం పక్క స్టూలు మీద ఆవిడ. కాళ్ల దగ్గర ఆవిడ తమ్ముడు, ఆ ఊళ్లోనే చేపల చెరువు చేసే మనిషి. నేనెందుకొచ్చానో మేడమ్ చెప్పగానే ఆవిడ నాకేసి చేతులు జోడించింది. "ఆ మాటలు వద్దండి డాక్టరు గారూ. ఒకసారి గండం గడిచింది. మళ్లీ నోట్లోంచి వస్తే, తథాస్తు దేవతలుంటారండి."

మా అమ్మ ఎదురుగా కూర్చున్నట్టనిపించింది. "అమ్మా, నేనూ ఆ భయంతోనే ఇన్నేళ్లూ అడగలేదమ్మా. మా ఇంట్లో దీపం ఆరిందని కూడా అనం. అనకపోయినా జరగబోయింది కదమ్మా," అన్నాను.

తమ్ముడు లేచాడు. "రా అక్కా, టీ తాగొద్దాం. డాక్టరు గారికి ఇవాళే నోరు తెరుచుకున్నట్టుంది. మళ్లీ మూసుకోకముందే పద."

వాళ్లు వెళ్లారు. మేడమ్ కొంచెం ఎడంగా నిలబడింది. నేను స్టూలు మీద కూర్చున్నాను.

"మీకు చచ్చిపోవాలని అనిపిస్తోందాండీ?"

పక్క మంచం మీద ఎవరో దగ్గారు. ఆయన మెల్లగా నావైపు తిరిగారు.

"ఆవేళ కాగితం తీసినప్పుడు ఇదే అడుగుతారనుకున్నానండి," అన్నారు.

"మీకెలా తెలుసు?"

"తెలుగులోనే ఉంది కదండీ. అటువైపు కూర్చుని తలకిందులుగా చదివాను. అడిగితే చెప్పేద్దామని గుండె దిటవు చేసుకుంటున్నాను. మీరు నూరేళ్లన్నారు. ఇలా నూరేళ్లా అని భయమేసిందండి. తర్వాత లేదు దగ్గర గీశారు. డాక్టరు గారికి తెలుసుగా, లేదేమోలే, అనుకున్నాను."

"తప్పు నాదండీ. అడగకుండా గీశాను."

"అయ్యో, పెద్ద చదువు చదివినవారు, అలా అనకండి," అన్నారాయన. ఆ మర్యాద నాకు చెంపదెబ్బలా తగిలింది.

"మరి ఇప్పుడు?"

ఆయన పైకప్పుకేసి చూశారు. "ఉందండి. పొద్దుటిపూట ఎక్కువ. కాలవకి నీళ్లొదిలారు. ఊరంతా చేలోకి పోతుంది. నేను అరుగు మీద కూర్చుని, వెళ్లేవాళ్ల కాళ్లు చూస్తూ ఉంటాను."

మేడమ్ దగ్గరికొచ్చి అదే కాగితం చేతికిచ్చింది. వెనక్కి తిప్పాను. మొదటి గీత మీద ఆయన మాటే రాశాను, కాళ్లు చూస్తూ కూర్చోవడం. అది మొదలైతే జాగ్రత్తపడాలి. ఆ తర్వాత అరగంట పట్టింది. ఆయన ఒప్పుకున్నాక వాళ్లిద్దర్నీ లోపలికి పిలిచాం. ఆవిడకి ఆయనే చెప్పారు. ఆవిడ ఏడ్చింది గాని చెవులు మూసుకోలేదు.

ఇంట్లో ఉన్న పురుగుమందులన్నీ తీసేయాలన్నప్పుడు బావమరిది అందుకున్నాడు. "అన్నీ నా మోటారు షెడ్డులో పెట్టి తాళం వేస్తానండి. తాళంచెవి మొలతాడుకి కట్టుకుంటా. కావాలంటే మా బావగారు నా లుంగీ లాగాలి."

"ఛీ, ఊరుకోరా," అంది అక్క.

మేడమ్ నన్నడిగింది. "బురదలో దిగొద్దన్నది ఎవరండీ?"

"నేనే."

"మరి ఏం చేయమన్నారు?"

అది నేను చెప్పనేలేదు. బావమరిదే చెప్పాడు. "చెరువులో పాతిన కర్రలకి చేపల మేత సంచులు కట్టడానికి మనిషి కావాలి. పడవలోంచే కట్టాలి, కాలు తడవక్కర్లేదు. కాకపోతే మా బావగారు ఎక్కితే పడవ మునుగుతుందేమోనని ఆలోచిస్తున్నా."

"నీ బరువు మోసిన పడవేగా," అన్నారాయన. మంచం మీదనుంచి, గొంతు పీలగా. కాని అన్నారు.

ఆయన ఇంటికి వెళ్లిన మర్నాటినుంచి ఫోను చేయడం నా పని. మొదట రోజూ, తర్వాత వారానికోసారి. మేడమ్ చెప్పినట్టే నన్ను తర్వాత తిట్టింది. పాతవాళ్లందరికీ మళ్లీ ఫోను చేసి అడిగేదాకా కొత్త కాగితం ముట్టొద్దంది.

సిస్టర్, నేను ఆ కట్ట దించాం. నా టిక్కులు ఒకేలా, ఒకే వాలుగా ఉన్నాయి. ఒక్కటి కూడా తడబడలేదు. మధ్యాహ్నాలు ఫోను దగ్గర కూర్చున్నాను. "భోజనం వేళ ఇవేం మాటలండీ" అని కోప్పడ్డవారున్నారు. "మీకేమన్నా అయిందాండీ డాక్టరు గారూ" అని నన్నే పరామర్శించినాయన ఉన్నారు. నల్లజర్లనుంచి వచ్చే ఒకావిడ మాత్రం ప్రశ్న విని ఊరుకుంది. లైను తెగిందనుకున్నాను. తర్వాత చిన్న గొంతుతో, "మా అత్తగారు ఇక్కడే ఉన్నారండి. మూడింటికి చేస్తారా?" అంది. మూడింటికి చేశాను. ఆవిడ ఇప్పుడు మేడమ్ దగ్గరికి వెళ్తోంది. ఒక నంబరు వాడుకలో లేదని వినిపించింది. కామవరపుకోటవైపు మనిషి, రెండేళ్ల కిందట ఒక్కసారి వచ్చాడు. ఊరు పేరు సరిగా రాసుకోలేదు. ఇప్పటికీ తెలియదు. ఆ కాగితం నా బల్ల అద్దం కింద పెట్టుకున్నాను.

పోయిన బుధవారం ఆ రైతు ఫోను ఎత్తలేదు. మూడుసార్లు చేశాను. ఆయన భార్య ఫోను అందుబాటులో లేదు. బావమరిది ఎత్తడం లేదు. గదిలోంచి బయటికొచ్చాను. సిస్టర్ నా మొహం చూసి, "మీరెళ్లండి, వీళ్లకి నేను చెప్పుకుంటాను," అంది.

గణపవరం రోడ్డు మీద బండి ఎలా నడిపానో నాకు తెలియదు. వాళ్లింటికి తాళం ఉంది. ఎదురింటివాళ్లు చెరువువైపు చెయ్యి చూపించారు. గట్టు మీద గూడబాతులు గుంపుగా కూర్చుని ఉన్నాయి, బండి చప్పుడుకి బరువుగా లేచాయి. అవి లేచాక చెరువు మధ్యలో పడవ కనబడింది. ఆయన నిలబడి, కర్రకి మేత సంచి కడుతున్నారు. కాళ్లకి బూట్లు.

గట్టు మీద బావమరిది లేచి నిలబడ్డాడు. "ఏంటండీ డాక్టరు గారూ, ఇలా ఊడిపడ్డారు? ఫోనా? మా బావగారు ఫోను మేత సంచిలో వేసి కట్టేశారండి. దాన్ని వెతికే గొడవలో ఉన్నాం. ఇక చేపలకే చేసుకోవాలి మీరు. అక్క గుడికెళ్లింది."

నేను గట్టు మీదే కూలబడ్డాను. పడవ మెల్లగా ఒడ్డుకి వచ్చింది. ఆయన దిగి నా పక్కన కూర్చున్నారు.

"అడగండి," అన్నారు. "వీడు విన్నా పర్లేదు."

అడిగాను. ఆ మాట ఈసారీ తేలిగ్గా రాలేదు.

"నిన్న వచ్చిందండి," అన్నారాయన. "కాళ్లు చూస్తూ కూర్చున్నాను. మీ కాగితం గుర్తొచ్చింది. లేచి వీడింటికి వెళ్లి, వీడి వాగుడు వింటూ పొద్దుపోయేదాకా కూర్చున్నాను. ఇవాళ లేదు."

జేబులో మందుల చీటీల పుస్తకం ఉంది. దాని మీద ఆయన చెప్పిన మాటలు చెప్పినట్టే రాసుకున్నాను. గళ్లు లేవు, టిక్కు లేదు.

"మరి రేపు?" అన్నాను.

"రేపటి సంగతి రేపు అడగండి," అన్నారాయన, లేస్తూ. ఇంకా రెండు సంచులు కట్టాలి.

మర్నాడు గురువారం. నా ఫోను రోజు కాదు. తొమ్మిదింటికి బావమరిది నంబరుకి చేసి, ఆయన్ని పిలవమన్నాను.